జెర్రీ బ్రౌన్: 36 ఏళ్ల వయసులో ఒకసారి, 72 ఏళ్ల వయసులో మళ్లీ కాలిఫోర్నియా గవర్నర్

గోదారిగట్టు

అమెరికా రాజకీయాలంటే ఇక్కడ చర్చంతా అధ్యక్షుల చుట్టూనే తిరుగుతోంది. మనవాళ్లు ఇంతమంది ఉంటున్న కాలిఫోర్నియాను ఎవరు నడిపారు, ఎలా నడిపారు అన్నది ఎవరూ ఎత్తరు. మన దగ్గర గవర్నర్ అంటే రాజ్‌భవన్‌లో ఉండే పెద్దమనిషి. అక్కడ మాత్రం జనం నేరుగా ఓటేసి ఎన్నుకుంటారు, అధికారం మన ముఖ్యమంత్రిలా ఉంటుంది. అందుకే జెర్రీ బ్రౌన్ గురించి ఈ థ్రెడ్ మొదలుపెడుతున్నాను.

1938లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. తండ్రి ప్యాట్ బ్రౌన్ కూడా గవర్నరే, 1959 నుంచి 1967 దాకా. కొడుకు మాత్రం 1956లో ఫాదర్ అవుదామని లాస్ గాటోస్‌లోని జెసూయిట్ల మఠంలో చేరాడు. మౌనం, ప్రార్థన, ద్రాక్షతోటలో పని. 1960లో అది వదిలేసి బర్కిలీలో గ్రీకు, లాటిన్ చదివాడు, యేల్‌లో లా పూర్తిచేశాడు. 1969లో లాస్ ఏంజెలెస్ కమ్యూనిటీ కాలేజీల బోర్డుకు ఎన్నికయ్యాడు. మరుసటి ఏడాది రాష్ట్ర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా, 1974లో గవర్నర్‌గా గెలిచాడు. 1975 జనవరిలో ప్రమాణం చేసేనాటికి వయసు 36.

1983లో దిగిపోయాడు. 2011 జనవరిలో మళ్లీ అదే కుర్చీలో కూర్చున్నాడు, అప్పుడు 72 ఏళ్లు. 2019 దాకా ఉన్నాడు. మొత్తం పదహారేళ్లు, ఆ రాష్ట్రంలో ఇంకెవరూ అంతకాలం చేయలేదు.

నాకు ఆసక్తి కలిగించేది ఆ రికార్డు కాదు. కుర్రతనంలో తాను చేసిన చట్టాలు, తీసుకున్న నిర్ణయాలు ఏ గతి పట్టాయో ముసలితనంలో తనే వచ్చి చూడాల్సి వచ్చింది. రాజకీయాల్లో ఇలాంటి అవకాశం దాదాపు ఎవరికీ దొరకదు. దొరికినప్పుడు ఆయన ఏం చేశాడన్నది మాట్లాడుకుందాం.

కొత్తగా వచ్చా

మాస్టారూ, ఒక డౌట్. అక్కడ గవర్నర్ రెండు సార్లకు మించి చేయకూడదంటారు కదా. ఈయన నాలుగు సార్లు ఎలా చేశాడు?

గోదారిగట్టు

ఆ పరిమితి 1990లో జనమే ఓటేసి తెచ్చుకున్నారు, ప్రపొజిషన్ 140 అని. అంతకుముందు చేసిన కాలం అందులో లెక్కకు రాదు. ఈ ప్రపొజిషన్ అనే మాట ఇక్కడ ఇంకా చాలాసార్లు వస్తుంది కాబట్టి చెబుతున్నాను బాబూ. కాలిఫోర్నియాలో సంతకాలు సేకరించి ఒక చట్టాన్నో రాజ్యాంగ సవరణనో నేరుగా బ్యాలట్ మీదికి ఎక్కించవచ్చు. గెలిస్తే గవర్నర్‌కు నచ్చినా నచ్చకపోయినా అమలు చేయాల్సిందే.

ఫ్రీమాంట్ పిన్ని

మంచి టాపిక్ ఎత్తారు మాస్టారూ. నాకు ఆయనలో నచ్చింది పొదుపు. రీగన్ గవర్నర్‌గా ఉన్నప్పుడు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో శివార్లలో కొత్తగా పెద్ద భవనం కట్టించారు. ఈయన అందులో అడుగు పెట్టనని కాపిటల్, అంటే అసెంబ్లీ భవనం ఎదురుగా అద్దె ఫ్లాటులో ఉన్నాడు, పరుపు నేలమీదే వేసుకునేవాడు. లిమోజిన్ వద్దని ప్రభుత్వ వాహనాల్లోంచి మామూలు ప్లిమత్ కారు తీసుకున్నాడు.

2011లో మళ్లీ వచ్చినప్పుడూ అంతే. రాగానే ప్రభుత్వ ఉద్యోగుల దగ్గరున్న 96 వేల సెల్‌ఫోన్లలో సగం వెనక్కి ఇచ్చేయమన్నాడు. కొందరు ఇదంతా షో అన్నారు. ముప్ఫై ఆరేళ్ల వయసులో ఎలా ఉన్నాడో డెబ్బై రెండేళ్లకూ అలాగే ఉన్నవాణ్ణి షో చేస్తున్నాడని ఎలా అంటాం?

లెక్కలమాష్టారు

పిన్నిగారూ, షో కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ పొదుపే 1978లో కొంప ముంచింది. ఇది అర్థం కాకపోతే జెర్రీ బ్రౌన్ అర్థం కాడు.

డెబ్బైల్లో ధరలు మండిపోతున్నాయి. ఇళ్ల ధరలు పెరిగేకొద్దీ ఇంటి పన్నూ పెరిగింది. పెన్షన్ మీద బతికే ముసలివాళ్లకు సొంత ఇంట్లో ఉండటానికే డబ్బు చాలని పరిస్థితి. అదే సమయంలో రాష్ట్ర ఖజానాలో సుమారు 500 కోట్ల డాలర్ల మిగులు పేరుకుపోయి ఉంది. దాంట్లోంచి జనానికి ఊరట ఇచ్చి ఉంటే గొడవ అక్కడితో సద్దుమణిగేది. ఈయనా అసెంబ్లీ కలిసి సమయానికి ఒక దారికి రాలేకపోయారు. ఈలోగా హోవర్డ్ జార్విస్ అనే ఆయన సంతకాలు సేకరించి ప్రపొజిషన్ 13 తెచ్చాడు. 1978 జూన్‌లో మూడింట రెండొంతుల మంది దాకా దానికి ఓటేశారు.

అందులో ఏముందంటే, ఇంటి పన్ను విలువలో ఒక్క శాతానికి మించకూడదు. విలువను 1975 నాటి ధరకు వెనక్కి తీసుకెళ్లారు. ఆపైన ఏడాదికి రెండు శాతానికి మించి పెంచకూడదు, ఇల్లు చేతులు మారితేనే కొత్త ధర. రాష్ట్ర పన్నులు పెంచాలంటే అసెంబ్లీలో మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి. స్కూళ్లకు, కౌంటీలకు ఇంటి పన్ను మీద వచ్చే రాబడి ఒక్క దెబ్బకు సగానికి పైగా పడిపోయింది.

ఓటింగ్ దాకా దీన్ని వ్యతిరేకించిన బ్రౌన్, ఫలితం రాగానే అమలుకు ముందు వరుసలో నిలబడ్డాడు. ఎంత ఉత్సాహంగా అంటే ఇది తన ఆలోచనే అని చాలామంది అనుకున్నారు. ఆ నవంబర్‌లో భారీ మెజారిటీతో మళ్లీ గెలిచాడు.

ఫ్రీమాంట్ పిన్ని

> ఇల్లు చేతులు మారితేనే కొత్త ధర

ఇది మా వీధిలో రోజూ చూస్తున్నదే. మా పక్కింటి పెద్దాయన డెబ్బైల్లో కొన్నారు. ఇల్లు మాదీ ఆయనదీ ఒకటే సైజు, ఒకే ప్లాను. ఆయన ఏడాదికి కట్టే పన్ను మాకు ఒక నెల వాయిదాకు కూడా సరిపోదు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆ చట్టం లేకపోతే ఆయన ఆ ఇంట్లో ఉండగలిగేవారే కాదు. కానీ కొత్తగా వచ్చిన కుటుంబాలు అదే స్కూలు కోసం ఎన్నో రెట్లు కడుతున్నాయి. మనవాళ్లలో ఇల్లు కొనేటప్పుడు చాలామంది రియల్టర్ చెప్పే ధర చూస్తారు గానీ పన్ను కాగితం చూసుకోరు. తర్వాత టెన్షన్ పడతారు.

వాదప్రతివాది

ఇళ్లు సరే. ఆఫీసు భవనాలకు, మాల్స్‌కు కూడా అదే రాయితీ వర్తిస్తోంది. వాటి వరకైనా తీసేద్దామని 2020లో ప్రపొజిషన్ 15 పెడితే స్వల్ప తేడాతో ఓడిపోయింది. బ్రౌన్ రెండోసారి ఉన్న ఎనిమిదేళ్లలో ఈ చట్టం జోలికే పోలేదు. తన పాత నిర్ణయాల ఫలితం చూశాక ఆయన ఏం చేశాడని మాస్టారు అడిగారు. ఇక్కడైతే సరిదిద్దలేదు.

గోదారిగట్టు

చట్టాన్ని తాకలేదు, నిజమే. తాకి ఉంటే రాజకీయంగా మిగిలేవాడు కాదు. కానీ అది తెచ్చిపెట్టిన రోగానికి వైద్యం చేశాడు. 2011లో వచ్చేసరికి లోటు సుమారు 2,600 కోట్ల డాలర్లు. ప్రతి ఏటా బడ్జెట్ ఆలస్యం, 2009లో జీతాలకు బదులు, రీఫండ్లకు బదులు ప్రామిసరీ నోట్లు ఇచ్చిన రాష్ట్రం అది.

లెక్కలమాష్టారు

ఒక సవరణ మాస్టారూ. 2009లో ఆ నోట్లు ఇచ్చింది పన్ను రీఫండ్లకు, కాంట్రాక్టర్లకు, కౌంటీలకు. జీతాలకు బదులు కాదు. ఉద్యోగులకు నెలకు కొన్ని రోజులు జీతం లేని సెలవులు పెట్టారు.

మిగతాది మీరు చెప్పినట్టే. 2011 జూన్‌లో సొంత పార్టీ అసెంబ్లీ పంపిన బడ్జెట్‌ను, లెక్కలు నిజాయితీగా లేవని వీటో చేశాడు. ఆ రాష్ట్ర చరిత్రలో మొత్తం బడ్జెట్‌ను ఒక గవర్నర్ తిప్పికొట్టడం అదే మొదటిసారి. కోతలు పెట్టాడు, పేదల సంక్షేమంలో కూడా పెట్టాడు, అది మరిచిపోకూడదు. తర్వాత 2012 నవంబర్‌లో ప్రపొజిషన్ 30తో జనం దగ్గరికే వెళ్లాడు. నాలుగేళ్లపాటు అమ్మకపు పన్ను పావు శాతం, ఏడేళ్లపాటు ఏటా రెండున్నర లక్షల డాలర్లకు పైన సంపాదించేవాళ్ల మీద అదనపు ఆదాయపు పన్ను. 55 శాతం మంది సరే అన్నారు. పన్నులంటే మండిపడ్డ రాష్ట్రంలోనే, 1978లో తను ఎదురుదెబ్బ తిన్నచోటే, పన్ను పెంచమని అడిగి గెలిచాడు.

డబ్బు రాగానే ఖర్చు పెట్టాలని అసెంబ్లీ ఒత్తిడి. ఈయన ఒప్పుకోలేదు. 2014లో ప్రపొజిషన్ 2 పెట్టించి, మంచి ఏడాదుల్లో వచ్చిన రాబడిలో కొంత నిధిలో వేయడం తప్పనిసరి చేశాడు. దిగిపోయేనాటికి అందులో 1,300 కోట్ల డాలర్ల పైమాటే ఉంది. తేడా గమనించండి. 1978లో మిగులు ఎందుకు ఉందో జనానికి తెలియదు. 2014లో ఎందుకు దాస్తున్నామో చెప్పి, వాళ్ల చేత ఓటు వేయించి దాచాడు. నా దృష్టిలో ఆయన నేర్చుకున్న అసలు పాఠం ఇదే.

కొత్తగా వచ్చా

మధ్యలో 28 ఏళ్లు ఏం చేశాడు మరి? నేను విన్నది ‘గవర్నర్ మూన్‌బీమ్’ అన్న పేరు మాత్రమే.

ఫ్రీమాంట్ పిన్ని

ఆ పేరు 1976లో షికాగో కాలమిస్టు మైక్ రోయ్కో పెట్టాడు. కొన్నేళ్లకు ఆయనే ఇక ఆ పేరు వదిలేయమని రాశాడు. రాష్ట్రానికి సొంత కమ్యూనికేషన్ ఉపగ్రహం కావాలని, సౌరశక్తికి పన్ను రాయితీ ఇవ్వాలని ఆ రోజుల్లో అన్నందుకు వెటకారం చేశారు. ఇప్పుడు మా వీధిలో సగం ఇళ్ల మీద సోలార్ పలకలే.

ఇక ఆ మధ్య కాలం చెబుతాను విను. 1976లో, 1980లో అధ్యక్ష పదవికి ప్రయత్నించాడు, కుదరలేదు. 1982లో సెనెట్‌కు నిలబడి పీట్ విల్సన్ చేతిలో ఓడిపోయాడు. ఆ ఓటమికి పండు ఈగ కూడా ఒక కారణం. 1981లో శాంటా క్లారా కౌంటీ పండ్ల తోటల్లో ఆ ఈగ పడితే, ఇళ్ల మీద హెలికాప్టర్లతో మలాథియాన్ చల్లడానికి ఈయన మొదట ఒప్పుకోలేదు. పండ్ల ఎగుమతి ఆపేస్తామని ఫెడరల్ ప్రభుత్వం బెదిరించాక ఒప్పుకున్నాడు. రైతులూ తిట్టారు, పర్యావరణం వాళ్లూ తిట్టారు. ఆ మందు ప్రమాదం కాదని నిరూపించడానికి ఆయన అధికారి బి.టి. కాలిన్స్ నీళ్లలో కలిపి విలేఖరుల ఎదుట తాగేశాడు. ఇవాళ మనవాళ్లు ఆఫీసులకు వెళ్లే శాన్ హోసే, మౌంటెన్ వ్యూ మీదే అప్పుడు రాత్రిళ్లు ఆ హెలికాప్టర్లు తిరిగాయి.

ఓడిపోయాక జపాన్ వెళ్లి కమకురాలో జెన్ ధ్యానం నేర్చుకున్నాడు. తర్వాత కలకత్తాలో మదర్ థెరిసా నడిపే, చావుబతుకుల్లో ఉన్నవాళ్ల ఆశ్రమంలో కొన్ని వారాలు సేవ చేశాడు. 1992లో మూడోసారి అధ్యక్ష పోటీ, ఎవరి దగ్గరా వంద డాలర్లకు మించి తీసుకోకుండా, ఒక టోల్‌ఫ్రీ నంబరు పెట్టుకుని. క్లింటన్‌కు చివరిదాకా పోటీ ఇచ్చాడు.

అన్నిటికన్నా నాకు గొప్పగా అనిపించేది ఓక్లాండ్. రెండుసార్లు గవర్నర్‌గా చేసినవాడు ఒక నగర మేయర్‌గా నిలబడ్డాడు. 1999 నుంచి 2007 దాకా చేశాడు. నేను బే ఏరియాకు వచ్చిన కొత్తలో ఓక్లాండ్ డౌన్‌టౌన్ సాయంత్రం అయితే ఖాళీ. అక్కడ పదివేల మంది కాపురం ఉండేలా ఇళ్లు కట్టించాలని పట్టుబట్టాడు. ఒక కళల బడి, ఒక సైనిక బడి పెట్టించాడు. తర్వాత అటార్నీ జనరల్, ఆయన వెనకాల ఆ కుర్చీలోకి వచ్చింది కమలా హారిస్. 2010లో ఈబే మాజీ అధినేత మెగ్ విట్‌మన్ సొంత డబ్బే 14 కోట్ల డాలర్లు ఖర్చు పెట్టినా ఈయన్ని ఓడించలేకపోయింది.

వాదప్రతివాది

ఇక జైళ్ల సంగతి చెప్పాలి. మాస్టారు మొదట వేసిన ప్రశ్నకు నిజమైన జవాబు ఇక్కడే ఉంది.

1976 దాకా కాలిఫోర్నియాలో జడ్జి ‘ఏడాది నుంచి యావజ్జీవం దాకా’ అన్నట్టు శిక్ష వేసేవాడు. ఎప్పుడు వదలాలో పెరోల్ బోర్డు తేల్చేది. ఒకే నేరానికి ఒకడు రెండేళ్లకు బయటికొస్తే ఇంకొకడు పదేళ్లు ఉండేవాడు, ఎక్కువ నష్టపోయింది నల్లజాతివాళ్లు. ఖైదీల హక్కుల కోసం పోరాడేవాళ్లూ, కఠిన శిక్షలు కోరేవాళ్లూ ఇద్దరూ ఆ పద్ధతి పోవాలన్నారు. బ్రౌన్ 1976లో నిర్ణీత శిక్షల చట్టం మీద సంతకం చేశాడు. ఇన్ని నెలలు అంటే ఇన్ని నెలలే.

ఉద్దేశం మంచిదే, కానీ ఒకసారి అంకె చట్టంలోకి ఎక్కాక దాన్ని పెంచడం ప్రతి ఎమ్మెల్యేకూ సులువైపోయింది. ప్రతి ఎన్నికల ముందూ ఏదో ఒక నేరానికి శిక్ష పెంచుతూ పోయారు. 1994లో మూడో నేరానికి యావజ్జీవం అన్న చట్టం వచ్చింది. ఆయన సంతకం చేసిన రోజుల్లో సుమారు 20 వేల మంది ఖైదీలు ఉండేవారు, 2006లో ఆ సంఖ్య 1,70,000 దాటింది. జిమ్నాజియంలలో మూడంతస్తుల మంచాలు వేసి పడుకోబెట్టారు. వైద్యం అందక ఖైదీలు చనిపోతున్నారని కేసు పడితే 2011 మేలో అమెరికా సుప్రీంకోర్టు జైళ్లలో జనాన్ని తగ్గించాల్సిందేనని తీర్పు ఇచ్చింది. ఆ కేసు పేరులో ఉన్న బ్రౌన్ ఈయనే, బ్రౌన్ వర్సెస్ ప్లాటా.

చిన్న నేరాలవాళ్లను కౌంటీ జైళ్లకు మార్చాడు, అయినా కోర్టుతో ఏళ్ల తరబడి వాదించాడు. అది నాకు నచ్చలేదు. 2016లో మాత్రం ప్రపొజిషన్ 57 తనే తెచ్చాడు. హింసాత్మకం కాని నేరాలవాళ్లు సత్ప్రవర్తనతో, చదువుతో ముందే బయటికి రావడానికి దారి. 1976 చట్టం ఇలా పరిణమిస్తుందని ఊహించలేదని బహిరంగంగా చెప్పి, దాన్ని సరిదిద్దడానికే ఇది అన్నాడు. 64 శాతం మంది ఒప్పుకున్నారు. రెండోసారి వచ్చాక ఇచ్చిన క్షమాభిక్షలు వెయ్యికి పైనే. పదవిలో ఉన్న రాజకీయ నాయకుడు నలభై ఏళ్ల కిందటి తన సంతకం గురించి ఇలా మాట్లాడటం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఫ్రెస్నో డాక్టర్

ఆలస్యంగా చూశాను. నేనుండేది సెంట్రల్ వ్యాలీలో, మా దగ్గర ఆయన పేరు చెబితే సగం మంది మెచ్చుకుంటారు, సగం మంది మొహం తిప్పుకుంటారు. మా పేషెంట్లలో పొలం కూలీలు ఎక్కువ. వాళ్లలో పెద్దవాళ్లకు 1975 బాగా గుర్తు. కూలీల నాయకుడు సీజర్ చావెజ్ ఉద్యమం తర్వాత పొలం కూలీలకు యూనియన్ హక్కు ఇచ్చిన చట్టం అప్పుడే వచ్చింది. పొట్టి పిడి పారను నిషేధించిందీ ఆ ఏడాదే. రోజంతా నడుం వంచి ఆ పారతో పనిచేసినవాళ్ల వెన్నెముక ఎక్స్‌రేలు నేను చూశాను, ఆ నిషేధం విలువ నాకు తెలుసు.

నీళ్ల విషయంలో మాత్రం నాకు అసంతృప్తి ఉంది. 2015 ఏప్రిల్ 1న సియెర్రా కొండల్లో, మామూలుగా అడుగుల ఎత్తు మంచు ఉండాల్సిన చోట గడ్డి మీద నిలబడి, పట్టణాలు 25 శాతం నీళ్లు తగ్గించాలని ఆదేశించాడు. మనుషులు వాడుకునే నీటిలో 80 శాతం దాకా వ్యవసాయానిదే. దానికి ఆ కోత పెట్టలేదు. కాలువ నీళ్లు రాని రైతు ఇంకా లోతుగా బోరు వేశాడు. పెద్ద బాదం తోటల పక్కనున్న చిన్న ఊళ్లలో ఇళ్ల బావులు ఎండిపోయాయి, ఈస్ట్ పోర్టర్‌విల్‌లో జనం ట్యాంకర్ నీళ్ల మీద బతికారు.

2014లో భూగర్భజలాల చట్టం ఆయనే తెచ్చాడని అంటారు. అవును, ఆ రాష్ట్రంలో అలాంటిది అదే మొదటిది. కానీ గడువు 2040. అప్పటిదాకా ఆ ఊళ్లు ఏం తాగాలి?

ఫ్రీమాంట్ పిన్ని

డాక్టర్‌గారూ, ఆ ఏడాది మేం లాన్ పీకేసి రాళ్లు పరిచాం, కూరలు కడిగిన నీళ్లు మొక్కలకు పోశాం. మా కాలనీలో అందరూ చేశారు. పట్టణాలన్నీ కలిపి దాదాపు 25 శాతం తగ్గించి చూపించాయి. పొలాలకూ ఏదో ఒక కట్టుబాటు పెట్టాల్సిందన్న మీ మాటతో నేనూ ఏకీభవిస్తాను.

కొత్తగా వచ్చా

హైస్పీడ్ రైలు కూడా ఆయనదే కదా అన్నా?

లెక్కలమాష్టారు

బాండ్లకు జనం ఓటేసింది 2008లో, ష్వార్జ్‌నెగర్ హయాంలో. 2015 జనవరిలో ఫ్రెస్నోలో పని మొదలుపెట్టించింది ఈయన. సెల్‌ఫోన్లు లెక్కపెట్టిన మనిషి ఇక్కడ లెక్క పట్టించుకోలేదనే నా అభిప్రాయం. తండ్రి కట్టిన కాలువలా తన పేరుమీద కూడా ఒకటి ఉండాలనుకున్నాడేమో.

వాదప్రతివాది

చివరిగా ఒకటి. మరణశిక్ష.

1960 ఫిబ్రవరిలో కేరిల్ చెస్‌మన్ అనే ఖైదీని చంపబోతున్న రాత్రి, మఠం నుంచి అప్పుడే బయటికొచ్చిన జెర్రీ తండ్రికి ఫోన్ చేశాడు. చెస్‌మన్ మీద రుజువైన వాటిలో హత్య లేదు. కొడుకు మాటతో ప్యాట్ బ్రౌన్ 60 రోజులు వాయిదా వేశాడు. మరణశిక్ష రద్దు చేయమని అసెంబ్లీని కోరితే వాళ్లు ఒప్పుకోలేదు. మేలో చెస్‌మన్‌ను చంపేశారు. ఈ వ్యవహారంలో ప్యాట్ రెండు వైపులా చెడ్డవాడయ్యాడు. 1977లో జెర్రీ మరణశిక్ష బిల్లును వీటో చేశాడు, అసెంబ్లీ దాన్ని తోసిపుచ్చింది. తను నియమించిన చీఫ్ జస్టిస్ రోజ్ బర్డ్‌ను మరణశిక్షలు కొట్టేస్తోందన్న కోపంతోనే 1986లో ఓటర్లు దింపేశారు.

అలాంటి మనిషి 2019 జనవరిలో దిగిపోతూ, మరణశిక్ష పడిన 700 మందికి పైగా ఖైదీలను అలాగే వదిలి వెళ్లాడు. రెండు నెలల్లో తర్వాతి గవర్నర్ న్యూసమ్ వచ్చి ఒక్క ఆదేశంతో అమలు ఆపేశాడు. మళ్లీ ఎన్నికల్లో నిలబడేది లేదు. ఎవరికి భయపడాలి? 21 ఏళ్లప్పుడు తండ్రిని అడిగింది తను 80 ఏళ్లప్పుడు ఎందుకు చేయలేదు?

గోదారిగట్టు

చాలా బలమైన ప్రశ్న. నా జవాబు మీకు నచ్చకపోవచ్చు. 2012లో ఒకసారి, 2016లో మరోసారి మరణశిక్ష రద్దు చేస్తారా అని అడిగితే ఓటర్లు వద్దన్నారు. 1978 చూసినవాడు ఆయన, జనం తేల్చిచెప్పినదాన్ని ఒక్క సంతకంతో తుడిచేయడం తన పని కాదనుకున్నాడని నేను అనుకుంటాను. పైగా రెండు నేరాల్లో శిక్షపడ్డవాళ్ల శిక్ష తగ్గించాలంటే అక్కడ రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఒప్పుకోవాలి. 2018 చివర్లో ఆయన పంపిన కొన్ని శిక్ష తగ్గింపులను కోర్టు తిప్పికొట్టింది.

వాదప్రతివాది

శిక్ష తగ్గించడం వేరు, అమలు వాయిదా వేయడం వేరు మాస్టారూ. వాయిదాకు కోర్టు అనుమతి అక్కర్లేదు. న్యూసమ్ చేసింది అదే. ప్యాట్ చెస్‌మన్‌కు ఇచ్చిందీ అదే. జనం ఓటేశారు కాబట్టి అన్నది ఒక గవర్నర్‌కు సరిపోయే జవాబేమో గానీ, ఆ రాత్రి ఫోన్ చేసిన కుర్రాడికి సరిపోదు.

ఫ్రెస్నో డాక్టర్

వాదప్రతివాదిగారితో నేను ఏకీభవిస్తున్నాను. అయితే 2015లో, బతికే ఆశలేని రోగులు తమ మరణాన్ని తామే ఎంచుకునే చట్టం మీద సంతకం చేసింది కూడా ఈయనే. క్యాథలిక్ మఠంలో చదివినవాడు. బిషప్‌తో, డాక్టర్లతో, స్నేహితులతో మాట్లాడి, భరించలేని నొప్పితో తను పోతుంటే ఏం చేస్తానో తెలియదని, ఆ దారి ఉందన్న ఆలోచనే ఊరటగా ఉంటుందని రాసి సంతకం పెట్టాడు. మా వృత్తిలో ఉన్నవాళ్లకు ఆ ఉత్తరం చాలా ముఖ్యమైనది.

కొత్తగా వచ్చా

నేను యూసీ అర్వైన్‌లో చదువుతున్నాను. ఈ థ్రెడ్ చదివాక వెతికితే మా క్యాంపస్ ప్యాట్ బ్రౌన్ కాలంలో పెట్టిందని తెలిసింది. ఆయన గురించి కూడా రాయండి మాస్టారూ.

మోడరేటర్

అర్వైన్ ఒక్కటే కాదు, శాన్ డియేగో, శాంటా క్రజ్ క్యాంపస్‌లు, 1960 ఉన్నత విద్య ప్రణాళిక, రాష్ట్ర జల ప్రాజెక్టు అన్నీ ఆయన కాలానివే. అది పెద్ద చర్చ కాబట్టి ప్యాట్ బ్రౌన్ మీద వేరే థ్రెడ్ తెరుస్తున్నాం. మరణశిక్ష మీద వాదన మాత్రం ఇక్కడే కొనసాగించండి.